గుమ్మం ముందు ఫొటో

హిందీవాళ్ల ఊళ్లోని సీతారాండేరా బస్తీలో, తెలుగువాళ్లుండే వీధికి డెంగీ జ్వరాలు పట్టుకుని ఇరవై రోజులైంది. ఈ ఇల్లూ ఆ ఇల్లూ అని లేదు, దోమకు మొహమాటమేముంది! తవిటమ్మ ఇంట్లో కోడలు ఉమామహేశ్వరి మంచాన పడింది. ఒళ్లు కాలిన తొలిరోజే తవిటమ్మ ఆమెను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. మంచాలు ఖాళీ లేవన్నారు. నాలుగు మాత్రలు చేతిలో పోసి, నీళ్లు బాగా తాగించమని పంపేశారు. ఏం చేస్తుంది పాపం? ఇంటికొచ్చి మాత్రలూ వేసింది, గుమ్మానికి వేపమండలూ కట్టింది. మందు పని మందుది, అమ్మోరి పని అమ్మోరిది. రెంటికీ తగువేముంది!

మూడోనాడు పేపరు విలేకరి సునీల్ కెమెరాతో వచ్చాడు. వినే మనిషి దొరికితే తవిటమ్మకు ఇంకేం కావాలి? టీ పోసి, తనకొచ్చిన హిందీలో గంటసేపు చెప్పింది. కాలవ పూడిక తీసి ఎన్నాళ్లయిందో, రెండ్రోజులకోసారి నీళ్లొస్తే డ్రముల్లో పట్టుకోక ఏం చేస్తారో, దోమల పొగబండి వీధి మొదట్లోనే ఎలా వెనక్కి తిరిగిందో, ఆసుపత్రిలో ఏమన్నారో, ఏదీ వదల్లేదు. అతను అంతా రాసుకుని, కాలవ పక్కన నిలబడమన్నాడు.

"కాలవకాడ ఫొటో యేటి బాబూ! మావోళ్లు సూత్తే నవ్విపోరా? దర్వాజే కే పాస్ తీయ్."

లోపలికెళ్లి జరీ అంచు చీర కట్టుకొచ్చి, వేపమండల కింద నిటారుగా నిలబడింది. ఇంటికి పరువైన చోటు గుమ్మమే కదా మరి.

మర్నాడు పొద్దున్నే మనవరాలు నేహ ఆ హిందీ పేపరు పట్టుకొచ్చింది. ఫొటో చూసి తవిటమ్మ మురిసిపోయింది.

"సదవవే గుంటా, యేటి రాసినాడు?"

నేహ మొహం ముడుచుకుని చదివింది. మందు మానేసి అమ్మవారిని నమ్ముకున్న బస్తీ అని పైన పెద్దక్షరాలు. మూఢనమ్మకాల వల్లే జ్వరం ముదురుతోందని కింద.

"మామ్మా, తూనే ఐసా బోలా క్యా?"

"నానెప్పుడన్నానే! తొలిరోజే ఆసుపత్రికెల్లినామని సెప్పినాను. కాలవ గురించి రాసినాడా?"

"కాలవా నహీ హై. పొగబండీ భీ నహీ."

"మంచాల్లేవన్నది?"

నేహ తల అడ్డంగా ఊపింది.

ఆ సాయంత్రం కోడలి చిగుళ్లలోంచి రక్తం కారింది. కొడుకు పైడిబాబు కంపెనీలో డ్యూటీ మీద ఉన్నాడు, ఫోనెత్తలేదు. నేహను తోడు తీసుకుని మళ్లీ ఆటో, మళ్లీ అదే ఆసుపత్రి.

నర్సు తవిటమ్మను చూసి ఆగిపోయింది. "అరే, పేపర్‌వాలీ మౌసీ!"

వేపాకుతో తగ్గలేదా అని బెంచీ మీది ముసలాయన నవ్వాడు. "క్యా మౌసీ, నీమ్ సే ఠీక్ నహీ హువా?"

డాక్టరు నవ్వలేదు. ఇన్నాళ్లూ ఇంట్లో దాచి ఇప్పుడు తెచ్చారా అని హిందీలో కసిరాడు. తొలిరోజే వచ్చామని, మీవాళ్లే పొమ్మన్నారని తవిటమ్మ చేతులు జోడించి చెప్పింది. చీటీ చూపించమన్నాడు. ఆనాడు మాత్రలే ఇచ్చారు గానీ చీటీ ఎవరిచ్చారు?

"ఒక్క మంచమే ఖాళీగా ఉంది. నాటువైద్యం చేసి ఆలస్యంగా తెచ్చామని ఈ కాగితం మీద సంతకం పెట్టండి, లోపలికి తీసుకెళ్తాం," అని డాక్టరు హిందీలోనే చెప్పి కాగితం ముందుకు తోశాడు.

ఎప్పుడూ హిందీ తప్ప మాట్లాడని నేహ నానమ్మ చెయ్యి పట్టుకుని తెలుగులో అంది. "వద్దు మామ్మా. అది అబద్ధం."

తవిటమ్మ కోడలి వంక చూసింది. పెదవుల మీద రక్తం ఎండి నల్లబడింది. వెనకాల ఇంకో రెండు స్ట్రెచర్లున్నాయి. తగువేసుకుంటే న్యాయం ఎటుపోతుందో తెలీదు గానీ, మంచం మాత్రం వాళ్లకు పోతుంది. పెన్ను తీసుకుని, వయోజన బడిలో నేర్చిన నాలుగక్షరాలూ కూడబలుక్కుంటూ రాసింది.

స్ట్రెచరు కదిలింది. ఉమామహేశ్వరి కళ్లు సగం తెరిచింది.

"ఆలీసమైందంతన్నారేటి అత్తా? తొలిరోజే వచ్చినాం కదా?"

"నానే ఆలీసం సేసినానమ్మా," అంది తవిటమ్మ, ఆమె మూతి తుడుస్తూ. "నువ్వు మాటాడకు, పడుకో."