పిల్లల్ని కాసే చేప

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకమంతా గగ్గోలు పెడుతున్న రోజులవి. వాటిని సరిచేసే పనిలో పడి శ్యాంసుందర్ ఆఫీసుకే అతుక్కుపోయి ఉండగా, భార్య రాజకుమారి కడుపులో ఏడోనెల బిడ్డ పోయింది. అప్పట్నుంచీ సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని వాళ్ల ఫ్లాట్‌లో ఆమె ముందు పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటోంది.

కాస్త మనసు మళ్లుతుందని, ఆఫీసులో పెద్దవాడైన జగన్మోహనరావు అతన్ని బూన్ లేలో ఫిషింగ్ షాపుకి లాక్కొచ్చాడు.

"రిజర్వాయర్లో పెద్ద పీకాక్ బాస్ చేప పడాలంటే గాలం లైన్ స్ట్రాంగ్‌గా ఉండాలి శ్యామ్, ఎర కూడా పెద్దదే ఉండాలి," అంటూ రంగేసిన జానెడు చెక్కచేపను చేతిలో పెట్టాడు. "పిల్లల్ని కాసుకునే తల్లిచేప ఆకలి లేకపోయినా దీన్ని కరుస్తుంది. తన పిల్లల్ని తినడానికొచ్చిందని కోపమోయ్ దానికి!"

శ్యాంసుందర్ చెక్కచేపకి వేలాడుతున్న గాలాల్ని బొటనవేలితో తడిమాడు.

"పిల్లలు పోయిన తల్లయితే, రావుగారూ?"

"దానికింకేం కోపం? ఏం విసిరినా కదలదు," అనేసి రావు నాలుక్కరుచుకున్నాడు.

శ్యాంసుందర్ చెక్కచేపను తీసినచోటే పెట్టేశాడు. బిడ్డ పోయిన రోజు తను చేస్తే ఫోనెందుకు ఎత్తలేదని రాజకుమారి అతన్ని ఇంతవరకూ ఒక్కమాట అడగలేదు.