పరస్కా తోలిన మీటియర్

నెస్టర్‌కి ఒక అలవాటుంది. ఎవరికైనా ఏదైనా ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పడు. వాళ్ళ వల్ల కాదనుకున్న షరతొకటి పెట్టి, అది నెరవేరిస్తే ఇచ్చేస్తానని పదిమంది ముందు మాటిస్తాడు. అలా అరవై ఆరేళ్ళు వచ్చేసరికి పైసా ఖర్చు లేకుండా పెద్దమనసున్నవాడని పేరు తెచ్చుకున్నాడు. ఈ వేసవిలో సొంత చెల్లెలికే అలాంటి షరతొకటి పెట్టాడు.

చెల్లెలు పరస్కా అడిగింది వాళ్ళ నాన్న కారుని. యాభై ఆరో సంవత్సరం నాటి మీటియర్. కింద ఆకుపచ్చ, పైన మీగడ రంగు. నాన్న పోయినప్పటి నుంచి ముప్పై ఒక్క ఏళ్ళుగా నెస్టర్ పొలంలో పాత ధాన్యపు కొట్టంలో పడి ఉంది. ఇప్పుడు నెస్టర్ ఆ కొట్టం కూలగొట్టిస్తున్నాడు. పొలాల వెంట తిరుగుతూ తుక్కు ఇనుము నలగ్గొట్టి పట్టుకుపోయే లారీ వాళ్ళకి కబురు కూడా పంపాడు.

"జూలైలో మన ఊరి నూరేళ్ళ ఊరేగింపు ఉంది కదా," అన్నాడు నెస్టర్, బోర్ష్ట్ చారులో పుల్లటి మీగడ కలుపుకుంటూ. "ఆ రోజు ఆ కారు తనంతట తాను నడిచొచ్చిందనుకో, నీ పేరున రాసిచ్చేస్తా. ట్రాక్టర్‌కి కట్టి లాక్కొస్తే ఒప్పుకోను. ఇంకో బండి మీద ఎక్కించి తెస్తే ఒప్పుకోను. రాలేదా, సోమవారం తుక్కు లారీ ఎక్కుతుంది. న్యాయంగానే ఉందిగా?"

"ఉంది," అంది పరస్కా.

"ఆలోచించుకునే చెప్పు. ఇంజన్ బిగుసుకుపోయింది. నేనే చూశా ఓసారి."

"నువ్వు చూస్తే ఏదైనా బిగుసుకుపోతుందిలే అన్నయ్యా."

నాన్న ఆ కారు కొన్న ఏడు పరస్కాకి పన్నెండేళ్ళు. అప్పటికే ట్రాక్టర్ తోలేది. మరుసటేటికి ధాన్యం లారీ కూడా తోలింది. మీటియర్ స్టీరింగ్ మాత్రం నాన్న ముట్టుకోనివ్వలేదు. ఆడపిల్ల పొలం బండ్లు తోలితే చాలు, ఆదివారం బండి మగపిల్లాడిది అనేవాడు. ఆదివారం పూట చర్చికి నెస్టర్ తోలేవాడు. పరస్కా వెనక సీట్లో పెరోగీ కుడుముల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అన్నయ్య గేరు మార్చినప్పుడల్లా అది ఒలక్కుండా పట్టుకుని కూర్చునేది. నెస్టర్ గేర్లు ఎంత ఘోరంగా మార్చేవాడో ఆ గిన్నెకి తెలుసు, ఆమెకి తెలుసు.

పెద్దయ్యాక ఆమె ఇరవై ఎనిమిదేళ్ళు బడి బస్సు నడిపింది. సున్నాకి నలభై డిగ్రీలు కిందికి పోయిన ఉదయాల్లోనూ పిల్లల్ని వేళకి చేర్చింది. ఆ బస్సుకి ఏ రోగమొచ్చినా తనే బానెట్ ఎత్తేది. ఇంతా చేసి, నాన్న తన చేతికి ఇవ్వని ఒక్క కారు గురించి అరవై ఒకటో ఏట కూడా తలుచుకుంటూనే ఉండేది. దిగులని ఆమె అనుకునేది గాని, అది అచ్చంగా కోపం. నాన్న మీద కోపం.

పరస్కాకి తోడుగా వచ్చినవాడు వాసిల్ ఒక్కడే. ఎనభై ఏళ్ళవాడు, ఊళ్ళో మెకానిక్ షెడ్డు నడిపి మానేసినవాడు. ఎడమ చెవి పనిచెయ్యదు. లోకంలో ఏ బండి ఆగిపోయినా తప్పు కార్బురేటర్‌దేనని అతని గట్టి నమ్మకం. మొదటిరోజు కొట్టం తలుపు తీసి, దుమ్ము పట్టిన కారుని దూరం నుంచే చూసి, "కార్బురేటరే," అన్నాడు.

"బాబాయ్, ఇంకా బానెట్ కూడా ఎత్తలేదు."

"ఎత్తు. ఎత్తినా అదే చెప్తా."

ఎత్తారు. ఎలుకలు ముప్పై ఒక్క ఏళ్ళుగా అద్దె కట్టకుండా కాపురం ఉన్నాయి. గాలి వడపోసే డబ్బా నిండా గోధుమలు, సీట్లలో దూది సగం లేదు. టైర్లు నేలకి అంటుకుపోయాయి. ట్యాంకులో పెట్రోలు బంకగా మారి, తెరవగానే కళ్ళు మండే వాసన కొట్టింది. క్రాంక్ బోల్టుకి పొడుగు పానా తగిలించి ఇద్దరూ బలమంతా పెట్టి తిప్పినా ఇంజన్ కదల్లేదు. ఈ ఒక్క విషయంలో నెస్టర్ అబద్ధం చెప్పలేదు.

పరస్కా ప్లగ్గులు ఊడదీసి, ఒక్కో సిలిండర్‌లో పల్చటి నూనె పోసింది. రోజూ పొద్దున వచ్చి ఇంకాస్త పోసేది, పానా పట్టి అటోసారి ఇటోసారి నొక్కి చూసేది, కదలకపోతే ఇంటికి పోయేది. బలవంతం చేస్తే లోపల ఏదో ఒకటి విరుగుతుందని ఆమెకి తెలుసు. పదకొండో రోజున పానా కొన చీమ నడిచినంత మేర జరిగింది. నిజంగా జరిగిందా, తన చెయ్యే జారిందా అని సుద్దముక్కతో గీత పెట్టి మళ్ళీ నొక్కింది. గీత దాటింది. ఆ పూట ఆమె వాసిల్ కుడి చెవి దగ్గరికెళ్ళి ఆ కబురు రెండుసార్లు చెప్పింది. మొదటిసారికే వినబడిందని అతను రెండోసారి విన్నాక చెప్పాడు.

ఆ తరవాత పని చకచకా సాగింది. బ్రేకులు విప్పి కొత్త రబ్బర్లు, చక్రాలకి వేరే టైర్లు వేశారు. పాత ట్యాంకు పీకేసి, వాసిల్ చేపల పడవ మీది పెట్రోలు డబ్బా వెనక డిక్కీలో కట్టి గొట్టం లాగారు. వాసిల్ కార్బురేటర్‌ని రెండుసార్లు విప్పి, కడిగి, బిగించాడు. ధాన్యం లారీ బ్యాటరీ తెచ్చి పెట్టారు. ఊరేగింపు శనివారం. శుక్రవారం మధ్యాహ్నానికి అన్నీ అమిరాయి.

పరస్కా కూర్చుని సెల్ఫ్ కొట్టింది. ఇంజన్ అంటుకుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు ఆడి, కార్బురేటర్‌లోంచి వెనక్కి తుమ్మి, ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ మూడే లెక్క. ఇరవైసార్లు కొట్టి ఉంటుంది, ఒక్కసారీ నాలుగు రాలేదు.

"చెప్పానా," అన్నాడు వాసిల్, స్క్రూడ్రైవర్ తీస్తూ.

శనివారం పొద్దున ఆరింటికల్లా ఇద్దరూ మళ్ళీ కొట్టంలో ఉన్నారు. నిప్పురవ్వ సరిగానే ఉంది. పెట్రోలు సరిగానే అందుతోంది. వాసిల్ మూడోసారి కార్బురేటర్ విప్పి బిగించాడు. మూడు లెక్కలే. ఎనిమిదిన్నరకి నెస్టర్ వచ్చాడు. ఊరేగింపు పెద్ద అతనే. ఛాతీ మీద అడ్డంగా ఎర్ర పట్టీ, నెత్తిన కొత్త టోపీ. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు, బట్టలకి మసి అంటుతుందని.

"ఏమ్మా, నడిచిందా?"

"మూడు లెక్కపెట్టేంతసేపు నడుస్తోంది."

"ఊరికి తొమ్మిది కిలోమీటర్లుందే. చాలా లెక్కపెట్టాలి నువ్వు."

వాసిల్‌కి ఇలాంటివి మాత్రం చెవిటి చెవితో కూడా వినబడతాయి. "నువ్వెళ్ళి మైకు పట్టుకోవయ్యా, పని చేసుకోనీ," అన్నాడు.

"నాదేం లేదు బాబాయ్, నాకూ ఉంది నాన్న కారు మీద ప్రేమ. కానీ పది గంటలకి ఊరేగింపు బయల్దేరుతుంది. మా చెల్లెలి కోసం దాన్ని ఆపితే ఊరు ఊరుకోదు." చెల్లెలి వంక చూసి, "నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు. ఇంక స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని రా. నా పక్కన కుర్చీ వేయిస్తా," అన్నాడు. చెప్పిన పద్ధతి కూడా ప్రేమగానే ఉంది. పరస్కాకి ఒళ్ళు మండింది.

అతని బండి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. వాసిల్ నాలుగోసారి కార్బురేటర్ మీద చెయ్యి వేశాడు.

"దాన్ని వదిలెయ్ బాబాయ్," అంది పరస్కా. "కాసేపు ఏమీ ముట్టుకోకు."

బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు వేళకి తీసినదాన్ని, ఇవాళ్టికి ఓడిపోతానా అనుకుంది. ఆ బస్సు వేళకి తియ్యడానికి రోజూ పొద్దున ఏం చేసేదాన్నో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. రాత్రంతా ఇంజన్ గడ్డకట్టకుండా వేడెక్కించే కరెంటు తీగ పీకడం. అద్దాల మీది మంచు గీకడం. స్టార్ట్ చేసి దిగి, బస్సు చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, చివరికి వెనక సైలెన్సర్ గొట్టం ముందు చెయ్యి పెట్టి ఊపిరి వస్తోందో లేదో చూడడం. ఆ మంచు దేశపు చలికాలంలో వెనక్కి తీసిన బండి మంచు గుట్టలో గుచ్చుకుందంటే గొట్టం మూసుకుపోతుంది, బండి ఊపిరాడక ఆగిపోతుంది. జనవరిలో అయితే ఎవడైనా ముందు అదే చూస్తాడు. జూలైలో ఎవరికీ తట్టదు.

పరస్కా లేచింది. "బాబాయ్, నువ్వు సెల్ఫ్ కొట్టు."

"నేనా? ఎందుకు?"

"కొట్టు, చెప్తా."

ఆమె కారు వెనక్కి పోయి మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం ముందు అరచెయ్యి పెట్టింది. ఇంజన్ అంటుకుంది. ఒకటి, రెండు, మూడు. ఆగిపోయింది. అరచేతికి చీమ ఊదినంత గాలి కూడా తగల్లేదు.

గొట్టంలోకి లైటు వేసి చూస్తే మూరెడు లోపల బూడిద రంగుది ఏదో కనిపించింది. కంచె తీగ ముక్క ఒకటి తెచ్చి, ముళ్ళున్న కొసని లోపలికి తోసి, మెలితిప్పి, కాలు బంపరుకి తన్నిపెట్టి లాగింది. మొదటిసారి జారింది, రెండోసారి పట్టింది. వచ్చింది ఒక మేజోడు. మందపాటి ఉన్ని మేజోడు, లోపల దారపు ఉండ కుక్కి, మూతి ముడివేసి ఉంది.

చూడగానే పరస్కాకి అంతా తెలిసిపోయింది. అది నాన్నది. కుక్కింది తనే.

ఆ దేశంలో శీతాకాలానికి కారు లోపల పెట్టే ప్రతివాడూ ఎలుకలు దూరకుండా గొట్టానికి గుడ్డ కుక్కుతాడు. కుక్కి, ఫలానా చోట కుక్కానని ఒక చీటీ రాసి స్టీరింగ్‌కి కడతాడు. నాన్నని పాతిపెట్టి వచ్చిన సాయంత్రం, ఇల్లంతా చుట్టాలతో నిండిపోయి ఉంటే, పరస్కా ఒక్కతే కొట్టంలోకి వచ్చింది. ఉతకడానికి తెచ్చిన నాన్న మేజోడు చేతిలో ఉంది. చీపురు కర్రతో దాన్ని గొట్టంలో లోతుగా తోసింది. వసంతంలో తనే తీస్తాననే ధీమాతో చీటీ మాత్రం కట్టలేదు. వసంతం వచ్చేసరికి నెస్టర్ కొట్టానికి తాళం వేశాడు. ఆ తరవాత ఆమె మర్చిపోయింది. నెలన్నరగా ఎలుకల్ని తిట్టింది, అన్నని తిట్టింది, పోయిన నాన్నని తిట్టింది, పాపం కార్బురేటర్‌ని కూడా తిట్టింది. దొంగ తనే అని ఇప్పుడు తేలింది.

"ఎవడు చేశాడమ్మా ఈ పని?" అన్నాడు వాసిల్.

"నేనే బాబాయ్."

వాసిల్ ఆమె మొహం వంక చూసి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. పరస్కాకి సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. అంత కోపంలోనూ, స్టీరింగ్ ముట్టుకోనివ్వని ఆ కారుని ఎలుకల పాలు కాకుండా కాపాడాలని చూసింది తను. నాన్న ఇవ్వకపోతేనేం, అది ఆ రోజు నుంచే తనది. ఆ మాట అనుకోగానే గుండెలో ఏదో తేలికపడింది.

తొమ్మిదీ నలభై. కూర్చుని సెల్ఫ్ కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంజన్ ఆగలేదు. కొట్టం నిండా నీలం పొగ లేచింది, దూలాల మీది పావురాలు బయటికి ఎగిరిపోయాయి. కాసేపు కుంటుకుంటూ ఆడింది, తరవాత ఆరు సిలిండర్లూ ఒక్క శ్రుతిలో పడ్డాయి. వాసిల్ కుడి చెవి బానెట్ దగ్గర పెట్టి విని, "కార్బురేటర్ మూడుసార్లు కడగబట్టి ఇలా ఉంది," అన్నాడు.

"అవును బాబాయ్, నీ చలవే," అంది పరస్కా. ఆ పూట ఆమె ఎవరికి ఏ గొప్పయినా ఇచ్చేసేది.

కంకర రోడ్డు మీద మీటియర్ ముందు, ఊడిపడినవి ఏరుకొస్తానంటూ వాసిల్ తన బండిలో వెనక. కుడి చేతి పక్క చక్రపు మూత ఒకటి నిజంగానే ఊడి గోధుమ చేలోకి దొర్లిపోయింది, ఆమె ఆగలేదు. రెండో గేరు, మూడో గేరు. గేరు మార్చినట్టు కారుకే తెలియనంత మెత్తగా మార్చింది. ఈ గేర్లు ఇలా మారతాయని నాన్నకి చూపించాలనిపించింది. కిటికీలోంచి గాలి మొహాన కొడుతుంటే మాటలు లేని కూనిరాగం తీసింది.

ఊరికి చేరేసరికి పదీ పది. ఊరేగింపు బయల్దేరిపోయింది. ఆఖరున వెళుతున్న గుర్రపు బండి వెనక పరస్కా కారుని చేర్చింది. రోడ్డుకి రెండు పక్కలా జనం. ముందు కారుని చూశారు, తరవాత తోలేదెవరో చూశారు. "మన బస్సు పరస్కా," అన్నారెవరో. నడివయసు మగాళ్ళు, ఆడాళ్ళు, ఒకప్పుడు పొద్దున్నే ఆమె కోసం రోడ్డు పక్కన వణుక్కుంటూ నిలబడ్డవాళ్ళు, పిల్లల్ని భుజాల మీదికెత్తి చూపించారు. చప్పట్లు ఒకచోట మొదలై వీధి చివరిదాకా పాకాయి.

ఊరి హాలు ముందు వేదిక మీద నెస్టర్ మైకులో గుర్రాల గొప్పతనం చెబుతున్నాడు. మీటియర్ మలుపు తిరగడం చూసి మాట మధ్యలో ఆపేశాడు. ఆ నోరు మైకు ముందు అలా మూతపడడం ఊరికి నూరేళ్ళలో అదే మొదటిసారి. పరస్కా సరిగ్గా వేదిక ముందు కారు ఆపింది, ఇంజన్ ఆపలేదు.

నెస్టర్ మెట్లు దిగి వచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేసి, అది వణుకుతోంటే కాసేపు అలాగే ఉంచాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, అది నటన కాదు. అందరూ చూస్తున్నారు. అతను తిన్నగా స్టీరింగ్ వైపు తలుపు దగ్గరికి వచ్చి గడియ మీద చెయ్యి పెట్టాడు.

"జరగవే. చివరిదాకా నేను తోలతా. నాన్న సీటు."

పరస్కా జరగలేదు. గొంతు పెంచలేదు కూడా.

"ఎక్కాలనుంటే అటువైపు నుంచి ఎక్కు అన్నయ్యా. ఎక్కవా, పక్కకి తప్పుకో. వెనక బాబాయ్ ఆగున్నాడు."

నెస్టర్ గడియ పట్టుకునే నిలబడ్డాడు. ఎర్ర పట్టీ, కొత్త టోపీ, చుట్టూ ఊరు. తరవాత చెయ్యి తీసేసి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, అటు తలుపు తీశాడు. ఎలుకలు దూది తినేసిన సీటు మీద గోనెసంచి మడిచి వేసి ఉంది. దాని మీద కూర్చుని, సోమవారం తుక్కు వాళ్ళకివ్వాలని జేబులో పెట్టుకున్న కారు హక్కు కాగితం తీసి మోకాలి మీద పరుచుకున్నాడు.

"పెన్నుందా?" అన్నాడు, మెల్లగా.

"ముందు తలుపు గట్టిగా వెయ్యి," అంది పరస్కా, గేరు వేస్తూ.