కన్ను కట్టని ఏనుగు

అండాలు మంచి మనిషే. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత నా మీద నింద ఉండదు. కాకపోతే ఆ ఏడు దసరా దాటాక నాలుగు నెలలు ఆమె కడుపులో మంట తప్ప ఇంకేమీ లేదు.

నల్గొండ చుట్టుపక్కల చిటికీ కట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. అదేం పనంటారా? నేయకముందే నూలును చట్రం మీద బిగించి, రంగు అంటకూడని చోటల్లా సైకిలు ట్యూబు పీలికలతో గట్టిగా కట్టాలి. ముంచి విప్పితే కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది. ఒక్క కట్టు మరిచారా, అక్కడ నూలు రంగు తాగేస్తుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా కడగలేడు. ఆ విద్యతోనే పద్నాలుగు నెలలు కూర్చుని నూట ఎనిమిది ఏనుగుల చీర కట్టింది. మొగుడు నరసింహ నేశాడు. దసరాకు చీర మగ్గం దిగితే ఊరంతా వచ్చి చూసి, దానితో ఫోటోలు దిగిపోయారు.

అంతే, అక్కడితో చెయ్యి ఆగిపోయింది. కొత్త నూలు చట్రం ఎక్కించి ఉంది. పొద్దున్నే దాని ముందు కూర్చుంటుంది, రెండు కట్లు కడుతుంది, విప్పేస్తుంది. ఒకరోజు భుజం గుంజుతోందంటుంది, ఇంకోరోజు కళ్ళు మసకలంటుంది.

"దవాఖానకు పోదాం పా" అన్నాడు నరసింహ.

"నా రోగానికి దవాఖానల మందు లేదు తీయ్."

నూలిచ్చి చీరలు నేయించే షావుకారు ఫోన్ చేసి, ఉగాది లోపల కొత్త చీర మొదలుపెట్టకపోతే ఆ పని ప్రవళికకు ఇచ్చేస్తానన్నాడు. మంట మీద కిరసనాయిలు పోసినట్టయింది.

ప్రవళిక మరిది ఎల్లేష్ పెళ్ళాం. గోడ అవతలే ఇల్లు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు పీలిక పట్టుకోవడం కూడా రాకపోతే వేలు పట్టి నేర్పింది అండాలే. ఇప్పుడా పిల్ల పొద్దున చట్రం ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. పైగా కూనిరాగం ఒకటి! అది గోడ దాటి వచ్చినప్పుడల్లా అండాలుకు ఒళ్ళు మండిపోయేది. పేరు గురించి కాదు, పేరు తనకే ఎక్కువ. పొద్దున లేవగానే ఆ పిల్లకు పని మీద ఆశ పుడుతోంది చూడండి, దాన్ని చూసి. ఒకప్పుడు ఆ ఆశ తనది.

"ఏమే అండాలూ, నీ శిష్యురాలు నిన్నే మింగేటట్టున్నదే!" అంది వీధిలో సుగుణమ్మ అవ్వ.

"మింగనీ అవ్వా, అరిగితే గద" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ పూట అన్నం సహించలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ప్రవళికే వచ్చింది. "అక్కా, రేపు పొద్దుగాల ఎరుపుల ముంచుతం. నువ్వొక్కసారి జూసి సరే అంటెనే నాకు ధైర్యం."

అండాలు వెళ్ళింది. గోడకు బొమ్మ గీసిన గ్రాఫు కాగితం వేలాడుతోంది. దానివైపు కన్నెత్తి చూడలేదు. కట్లు చూసి బొమ్మ చెప్పేయడం ఆమె గొప్ప మరి. నేర్పిన మనిషే కాగితం చూస్తే పరువేం కాను? దేవుడా, ఒక్క తప్పు దొరకనీ అని మొక్కుకుంటూ వెతికింది. దొరికింది. ఏనుగులన్నిటికీ కంటి దగ్గర కట్టు ఉంది, తల్లి పక్కనున్న పిల్ల ఏనుగుకు లేదు. రేపు ఎరుపులో మునిగితే దాని కన్ను ఒంట్లో కలిసిపోతుంది.

"ఎట్లున్నదక్కా?"

"మంచిగున్నది" అంది అండాలు.

ఇంటికొచ్చి ఒక జొన్నరొట్టె ఎక్కువ తిన్నది. "ఏందే, మొకం కళకళలాడుతాంది?" అన్నాడు నరసింహ. "ఆకలైతే తినొద్దా?" అని కసిరింది. అబ్బ, పాపం ఇంత రుచిగా ఉంటుందని ఎవరనుకున్నారు!

తెల్లారేసరికి ఆ రుచి చేదయింది. గోడ అవతల రంగు కాగు కింద కట్టెలు చిటపటమంటున్నాయి. ఆ పిల్ల ఐదు నెలలు నడుము వంచి కట్టిన నూలు అది. నడుము నొప్పి ఎలా ఉంటుందో అండాలుకు ఒకరు చెప్పాలా? "థూ, నా బతుకు" అనుకుని, చేతికందిన పీలిక పట్టుకుని పరుగెత్తింది.

ఎల్లేష్ అప్పటికే నూలు కాగు మీదికి ఎత్తాడు.

"ముంచకు ఎల్లేషూ, ఆగు! పిల్ల ఏనుగుకు కన్ను కట్టలే. నిన్ననే జూసిన. కుళ్లుతోని చెప్పలే. ఖరాబు గావాలె అనుకున్న. తర్వాత ఎన్నన్న తిట్టుండ్రి, ముందుగాల నన్ను కట్టనియ్యుండ్రి."

ప్రవళిక లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి ముందు పెట్టింది. "అది పండుకున్నదక్కా."

"ఏంది?"

"పిల్ల ఏనుగు. తల్లి కాళ్లకాడ నిద్రవోయింది. కన్ను మూసుకున్నది, అందుకే కట్టలే."

నిజమే. కాళ్ళు ముడుచుకుని, తొండం కడుపు కిందికి దోపుకుని పడుకుని ఉంది. అండాలుకు తల కొట్టేసినట్టయింది. అడగకుండానే కడుపులోదంతా కక్కేసింది గదా! ఎల్లేష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అయినా సిగ్గు కన్నా ముందు పొడిచింది ఇంకోటి. నూట ఎనిమిది ఏనుగులు కట్టింది తను. ఒక్కటంటే ఒక్కదాన్ని పడుకోనివ్వలేదు. ఏనుగుకూ నిద్ర వస్తుందని తనకెందుకు తట్టలేదు?

"నిన్న నువ్వు మంచిగున్నదంటే ఈయనకు పదిసార్లు చెప్పుకున్న" అంది ప్రవళిక. "గా మాట అబద్ధమా అక్కా?"

"అబద్ధమే. నిన్నటిది అబద్ధం." అండాలు కాగితం తిరిగి ఇచ్చేసింది. తర్వాతి మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది. "ఇయ్యాల చెప్తున్న ఇను. నాదానికంటె మంచిగున్నది. ముంచుండ్రి."

ఇంటికొచ్చి నేరుగా చట్రం ముందు కూర్చుంది. నరసింహ చాయ్ తెచ్చాడు.

"ఏమైందే?"

"దాని ఏనుగు పండుకుంటే పండుకోనీ. నా ఏనుగు నీళ్లల్ల పడి దొర్లుతది. జర జరుగు, వెలుగుకు అడ్డమొస్తున్నవ్."

కడుపులో మంట రవ్వంత కూడా తగ్గలేదు. చాయ్ రెండుసార్లు వేడిచేసి తెచ్చాడు, రెండుసార్లూ చల్లారిపోయింది. ఆమె చట్రం ముందునుంచి లేవలేదు.