పీలిక కట్టిన దోసకాయ

గణేశ్వరరావుకు పడవ తెలుసు, పెరడు తెలియదు. ముప్పై నాలుగేళ్ళు సర్కారు లాంచీ నడిపి, నీటి రంగు చూసి లోతు చెప్పగలిగిన మనిషి, సముద్రం నడుమ దీవిలో, మిన్నీ బేలో తన ఇంటి వెనకున్న రెండు సెంట్ల నేలలో ఏ పాదు ఏదో చెప్పలేడు. అందులో ఆయన తప్పు సగమే. ఆ నేలకు గవరమ్మ మహారాణి. మొగుడు సరదాపడి గునపం పట్టుకున్నా ఊరుకునేది కాదు. లంగరు విసిరే చేతులు మొక్కల జోలికి రాకూడదని తరిమేసేది.

ఆ గవరమ్మ కిందటి మే నెలలో, తొలి వానలు పడ్డ వారంలోనే పోయింది.

ఎనిమిది నెలలు పెరట్లో గడ్డి ఇష్టారాజ్యంగా పెరిగింది. జనవరిలో వానలు తెరిపిచ్చి, చుట్టుపక్కల వాళ్ళు పాదులు తవ్వుకుంటుంటే గణేశ్వరరావుకూ బుద్ధి పుట్టింది. అన్నీ కాకపోయినా దోసపాదు ఒక్కటి వెయ్యాలి. అది బజారు దోస కాదు. గవరమ్మ తల్లి కొత్త పెళ్ళికూతురుగా ఓడెక్కినప్పుడు కళింగపట్నం పక్క పల్లె నుంచి కొంగున ముడేసుకొచ్చిన గింజ. పిడికెడంత కాయ, పసుపు మీద ఆకుపచ్చ చారలు, తొక్క దగ్గర చిన్న పులుపు. అరవై ఏళ్ళుగా ఏటేటా అదే గింజ, అదే కాయ.

సునామీ వచ్చిన పొద్దున అందరూ నగలూ కాగితాలూ పట్టుకుని కొండెక్కితే, గవరమ్మ హార్లిక్స్ సీసా పట్టుకుని ఎక్కింది. బూడిద కలిపి దాచిన విత్తనాల సీసా అది. పైకెళ్ళాక చూసి గణేశ్వరరావు నానా తిట్లూ తిట్టాడు. ఉప్పునీళ్ళు ఎక్కిన పెరట్లో ఆ తరవాత రెండేళ్ళు గడ్డిపరక మొలవలేదు. ఆ రెండేళ్ళూ ఆవిడ పగిలిన బకెట్లలో కొండమట్టి మోసుకొచ్చి పోసి దోసను బతికించింది. అంత చేసి నిలబెట్టిన గింజ ఆవిడతోపాటే పోకూడదు. ముసలాయన కోరిక అంతే.

అటక మీంచి సీసా దించాడు. గవరమ్మకు చదువు రాదు, అందుకని ఒక్కో పొట్లానికీ ఒక్కో రంగు దారం చుట్టింది. విప్పి చూసుకుంటూ పోయాడు. బీర ఉంది, ఆనప ఉంది, చిక్కుడు ఉంది, గోంగూర ఉంది. పసుపు దారం పొట్లంలో మాత్రం ఉత్త బూడిద. కళ్ళజోడు పెట్టుకుని, ఆ బూడిదను పళ్ళెంలో పోసి వేలితో వెతికాడు. ఒక్క గింజ లేదు.

కంచె అవతలి సింహాచలమ్మను అడిగాడు, మీ వదిన నీకేమైనా విత్తనం ఇచ్చిందా అని. ఎన్నడో ఒకసారి ఇచ్చిందట, మొక్కల్ని మేకలు మేసేశాయట. ఆ తరవాత కాయలు పంపేది గానీ గింజలు ఇవ్వనే లేదట. ఆ మాట చెప్పి, ఆమె ఆయన వంక వింతగా చూసింది.

"పొట్లంలో ఎందుకుంటాయి అన్నయ్యా? ఏడాదికి సరిపడా ఏసీసి, విత్తనానికని ఒక్క కాయ తీగకి ఒగ్గీసేది కదా వదిన. తొడిమికి ఎర్ర పీలిక కట్టీసేది, ఎవలూ కోయకుండా. పోయినేడూ కట్టింది, నా కళ్ళతో చూసేను. నేను మా అమ్మాయి పురిటికని జంగ్లీఘాట్ ఎల్లి వచ్చీసరికి కాయా లేదు, పీలికా లేదు. ఏటైపోయింది?"

గణేశ్వరరావు వెనుదిరిగి పెరట్లోకి నడిచాడు. 

కిందటి ఏప్రిల్లో గవరమ్మ ఆస్పత్రి మంచం మీద ఉంది. ఏం పెట్టినా చేదంటోంది, నాలుగు రోజులుగా పాలు తప్ప ఏమీ దిగడం లేదు. ఒక పొద్దున ఉన్నట్టుండి, దోసకాయ పప్పు తినాలనుందని అంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆయన ఆటో ఎక్కి పరుగున ఇంటికొచ్చాడు. నీళ్ళు పోసే దిక్కులేక తీగ ఎండిపోతోంది. దానికి ఒకే ఒక్క కాయ, బాగా పండింది, తొడిమకు ఎర్ర పీలిక.

పీలిక ఆయన చూడకపోలేదు. చూసి, దిష్టికి కట్టిందనుకున్నాడు. లాంచీ ముక్కుకు ఏటేటా ఎర్రగుడ్డ కట్టినవాడు మరింకేం అనుకుంటాడు? పీలికను జాగ్రత్తగా విప్పి, వెనక కంచె పుల్లకు ముడేసి, కాయ కోసుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన పొయ్యి వెలిగించింది అదే మొదలు. మొదటి విడత పప్పు మాడింది. రెండో విడత ఉడికింది. గింజలు గట్టిగా తగిలితే ముదురుకాయ కాబోలనుకుని అన్నీ కలిపే వేసేశాడు.

గవరమ్మ రెండు ముద్దలు తిని ఆగింది. ఆయన వంక చూసింది. తరవాత గిన్నె తుడిచి మరీ తినేసింది. ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన ఆ సంగతే చెప్పుకున్నాడు, నా చేతి పప్పు తృప్తిగా తిని పోయిందని. ఎనిమిది నెలలు ఆ ఒక్క మాట పట్టుకునే బతికాడు. ఇప్పుడు ఆ మాటే ముల్లై గుచ్చుకుంది.

వంటింటి మూల చిన్న జాడీలో కిందటి మార్చిలో గవరమ్మ పెట్టిన దోసావకాయ అడుగున కాస్త మిగిలి ఉంది. ఆదివారాలు మాత్రం, ఒక్క ముక్క చొప్పున తింటున్నాడు. ఆ మధ్యాహ్నం జాడీ మొత్తం పళ్ళెంలో వంపి, ముక్కల లోపలున్న గింజలన్నీ చెంచాతో గీకాడు. కుళాయి కింద ఏడుసార్లు కడిగాడు. సముద్రం మీద బతికినవాడికి ఉప్పు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా పాదు తవ్వి, మట్టి మెత్తగా చేసి, ఆ గింజలు నాటాడు. మిగిలిన పొట్లాలవి కూడా పక్క పాదుల్లో వేశాడు గానీ, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పట్టుకుని నిలబడేది మాత్రం ఈ పాదు దగ్గరే.

పన్నెండో రోజు కూతురు కళ్యాణి వచ్చింది. మాయాబందర్ బడిలో టీచరు, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి నాన్నను చూసిపోతుంది. బీర రెండాకులు వేసింది, ఆనప తల ఎత్తింది. నాన్న మాత్రం ఏమీ లేని పాదు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వంటింట్లో కడిగి బోర్లించిన జాడీ చూసి వచ్చి, ఆవకాయ ఏమైందని అడిగింది.

"మీ అమ్మ విత్తనాన్ని నేనే వండీసేనమ్మా," అన్నాడాయన. తరవాత జరిగిందంతా చెప్పుకున్నాడు.

కళ్యాణి పక్కన కూర్చుంది. 

"అమ్మకి తెలుసు నాన్నా."

ఆయన తల తిప్పాడు.

"ఆ రోజు ఆస్పత్రిలో నన్ను అమ్మ పక్కన కూర్చోబెట్టి నువ్వు క్యారేజీ కడగడానికి బైటికెళ్ళావు చూడు, అప్పుడు. నోట్లోంచి ఒక గింజ తీసి చూసుకుంది. పీలిక కట్టిన కాయ కోసీసినాడే మీ నాన్న, అని నవ్వింది. నీకు చెప్తానన్నాను. నా చెయ్యి పట్టీసుకుంది. చెప్పకు, ఇన్నేళ్ళకి నాకోసం పొయ్యికాడ నిలబడ్డాడు, ఆ గింజకీ నాకూ అది చాలు, అంది. వచ్చే ఏడు వెతుక్కుంటాడు, ఎలకలు తినీసాయని చెప్పమంది. నేను అదే చెబుదామని వచ్చాను. నిన్నిలా చూసి చెప్పలేకపోయాను. ఛోడో నాన్నా, వదిలెయ్, ఇంక లే."

ఆయన లేవలేదు. గవరమ్మ తన తల్లి దగ్గర్నుంచి అందుకుని, సునామీలో ప్రాణంలా మోసుకెళ్ళిన గింజ. దాన్ని పంటి కింద పట్టి, ఏమిటో తెలిసి, నమిలి మింగింది, మొగుడు చిన్నబుచ్చుకుంటాడని. ఆ సంగతి ఆయనకు నెమ్మదిగా ఎక్కింది. ఆవిడ పోయిన రోజు పదిమందిలో బిగబట్టుకున్న ఏడుపు ఆ పాదు దగ్గర కట్ట తెగింది. కళ్యాణి ఆపలేదు. పక్కనే కూర్చుని తనూ ఏడ్చింది.

మార్చిలో కళ్యాణి మళ్ళీ వచ్చేసరికి పందిరి నిండా బీరకాయలు. పప్పులోకి నాలుగు కోద్దామని చాకు పట్టుకుని వెళ్ళింది. నడుమనున్న నిండుకాయ మీద చెయ్యి వెయ్యబోతే గణేశ్వరరావు వెనకనుంచి వద్దన్నాడు.

వెనక కంచె పుల్ల దగ్గరికి వెళ్ళి, ఎండకీ వానకీ వెలిసిపోయిన పీలిక విప్పి తెచ్చాడు. లంగరు విసిరిన మొరటు వేళ్ళతో, తొడిమ నలగకుండా, ఆ కాయకు ముడివేశాడు.

"ఇది విత్తనానికి," అన్నాడు.

పక్కన దోసపాదు ఖాళీగానే ఉంది. అందులో ఆయన వేరే ఏదీ వెయ్యలేదు. గడ్డి మాత్రం మొలవనివ్వడు.