చెత్త క్యాలెండర్ మీద పువ్వులు

మంగళ, శుక్రవారాలు కాల్చే చెత్త. బుధవారం ప్లాస్టిక్. నెలలో మూడో గురువారం పాత కాగితాలు, తాడుతో కట్టి వీధి మలుపులో పెట్టాలి. జపాన్‌లోని తొయొహషి ఊళ్లో ఏటా ఇంటింటికీ పంచే ఈ చెత్త క్యాలెండర్ చిజురు వంటింట్లో ఫ్రిజ్ పక్కన వేలాడుతూ ఉంటుంది. ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ తలెత్తి చూడని కాగితం అదొక్కటే. అందుకే తన సొంతమైనవన్నీ దాని మీదే రాసుకునేది.

ఇవాళ్టి గడిలో పెన్సిలుతో రాసింది. "తొమ్మిదింబావుకి విచ్చుకుంది. పదకొండున్నరకి ముడుచుకుంది. లేత గులాబి. నిన్న చిదిపిన కాయ తాలు."

ఇదంతా పెరట్లోని ఒక డ్రోసెరా మొక్క గురించి. అరచేతిలో పట్టేంత మొక్క, ఆకుల మీద జిగురు చుక్కలు, దోమ వాలిందంటే ఇక లేవదు. అలాంటి కుండీలు పెరట్లో మూడొందలున్నాయి. వాటిని పెంచేది భర్త తత్సుహికో అని కీటకాహార మొక్కల సంఘంలో అందరూ అనుకుంటారు. కుళాయి నీళ్లు పడితే చచ్చిపోయే ఆ సుకుమారాలకు వాననీళ్లు పట్టి, వడగట్టి, బకెట్లతో మోసేది చిజురు. పక్క కుండీల గింజలు వచ్చి పడి మొలిస్తే పట్టకారుతో ఏరిపారేసేదీ ఆమే. ఆయన పొద్దున ఆరున్నరకి ఆఫీసుకి వెళ్లిపోతాడు. సెలవు రోజున మధ్యాహ్నందాకా పడక దిగడు. ఆ మొక్క పువ్వు విచ్చుకుని ఉండగా ఏడేళ్లలో ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు.

అయినా, అది ఎవరికీ తెలియని కొత్త జాతి అని వేసవి సమావేశంలో ప్రకటించడానికి సిద్ధమైపోయాడు. చిజురుకి మాత్రం అది అసలు కొత్త జాతే కాదనీ, రెండు జాతులు కలిసి పుట్టిన సంకరమనీ అనుమానం.

"ఏవండీ, దీనికి గింజ కట్టడం లేదండీ" అంది ఆమె మూడేళ్ల కిందటే. "మిగతావాటిలో పువ్వు ముడుచుకునేటప్పుడు తన పుప్పొడి తనే అద్దుకుంటుంది, కాయ నిండా దుమ్ములాంటి గింజలుంటాయి. దీనికి అన్నీ తాలు కాయలే. సంకరమేమోనండీ, వాటికే ఇలా గింజ కట్టదట."

ఆయన పేపరు దించలేదు. "నీళ్లు పోసేవాళ్లంతా శాస్త్రజ్ఞులైపోతే ఇంకేం! ఆకు చూస్తే తెలియట్లేదూ? లోపం నీ చేతిలో ఉంది. ఎక్కడో తప్పు చేస్తున్నావు."

నీలో లోపం. ఆ మాట చిజురుకి కొత్త కాదు. పెళ్లైన నాలుగేళ్లకి అత్తగారు చుట్టాలందరి ముందూ "పైకి నిక్షేపంగానే ఉంది, లోపల ఏం లోటో మరి" అంది. చిజురు ఒక్కతే ఆస్పత్రికి వెళ్లి, సిగ్గు చంపుకుని అన్ని పరీక్షలూ చేయించుకుంది. ఏ లోపమూ లేదన్నారు. మీవారిని కూడా ఒకసారి తీసుకురండి అన్నారు. "నాకెందుకూ పరీక్ష?" అన్నాడు తత్సుహికో, అంతే, ఆ మాట అక్కడితో సరి. లోపం మాత్రం ఇరవై రెండేళ్లుగా ఆమె పేరు మీదే ఉంది.

సమావేశం ఆదివారం మధ్యాహ్నం జరిగింది. సంఘం అధ్యక్షుడు నిషిగాకి, ఎనభై ఏళ్ల రిటైర్డు మాస్టారు, కుండీని భూతద్దంలో చాలాసేపు చూశాడు.

"గింజ కడుతోందా?"

"బ్రహ్మాండంగా" అన్నాడు తత్సుహికో. "ఏరి దాచేది మా ఆవిడే."

అందరూ అటు తిరిగారు. చిజురు టీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. తల ఊపితే సరిపోయేది. ఊపడం ఆ మెడకు బాగా అలవాటే.

"లేదండీ" అంది. "ఒక్క గింజ కూడా లేదు."

సంచీలోంచి ఏడేళ్ల చెత్త క్యాలెండర్లు తీసి బల్ల మీద పెట్టింది. ఎవరైనా అడుగుతారేమోనని మూడేళ్లుగా ప్రతి సమావేశానికీ మోసుకొస్తోంది. ఎవరూ అడగలేదు. నిషిగాకి మాస్టారు ఎండిన కాయలు రెండు తెల్లకాగితం మీద చిదిపి చూశాడు. పొట్టు తప్ప ఏమీ రాలలేదు. తర్వాత క్యాలెండర్లు ఒక్కొక్క నెలే తిప్పుతూ చదివాడు.

"నూట ఎనభై ఆరు పువ్వులు, ఒక్క గింజా లేదు. ఇది సంకరమే, సందేహం లేదు."

ఇరవై ఆరేళ్లలో చిజురు మాట నిజమని నలుగురి ముందు ఎవరో అనడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మాస్టారు తత్సుహికో భుజం తట్టాడు.

"ఏమయ్యా, ఇంత రికార్డు దగ్గర పెట్టుకుని కొత్త జాతి అంటావేం? పత్రికకి రాసివ్వు, నీ పేరుతో వేద్దాం. ఇంట్లో ఇలాంటి సహాయకురాలుంటే ఎవడైనా శాస్త్రజ్ఞుడైపోతాడు!"

అందరూ నవ్వారు. తత్సుహికో నడుం వంచి దణ్ణం పెట్టాడు. "అబ్బే, ఆవిడకేం తెలుసండీ, నేను చెప్పింది రాసిపెట్టింది, అంతే."

"అమ్మా, ఇటు ఇంకాస్త టీ" అన్నారెవరో. చిజురు పోసింది.

ఇంటికి వెళ్తూ కారులో ఆయన మూతి ముడుచుకున్నాడు. "నలుగురిలో పరువు తీశావు. పోనీలే, చివరికి మంచికే వచ్చింది. ఆ క్యాలెండర్లు జాగ్రత్త. వచ్చే ఆదివారం కూర్చుని రాస్తాను."

ఆదివారం మధ్యాహ్నం పడక దిగి, కళ్లజోడు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. ఫ్రిజ్ పక్కన ఉత్త మేకు ఉంది.

"ఏయ్, ఆ క్యాలెండర్లేవీ?"

"మొన్నే కదండీ మూడో గురువారం" అంది చిజురు కూరగాయలు తరుగుతూనే. "తాడుతో కట్టి పెట్టేశాను."

తాడు ముడి వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చిన సంగతి ఆయనకు చెప్పలేదు.

"ఏడేళ్ల రికార్డు! మతిగానీ పోయిందా నీకు? ఇప్పుడు నేనేం రాయను?"

చిజురు చేతులు తుడుచుకుని, తలుపు వెనకనున్న వాననీళ్ల బకెట్ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"మొక్క పెరట్లోనే ఉందిగా. ఇంకో ఏడేళ్లు చూడండి. పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో ఉంటే చాలు."