ఊరికే అనే ఊరు

ఉతికిన బట్టలు మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి. ఆమె పక్కనే కూర్చుని మడతపెడుతుంటే, కూతురు నేల మీద తెల్ల చార్టు పరిచి, బడి నుంచి తెచ్చుకున్న ఆట చీట్లు ముందేసుకుంది. లేని లోకాన్ని కట్టే ఆట అది. చీటీ తీస్తే ఒక ప్రశ్న ఉంటుంది, ఎవరేం చెబితే ఆ లోకంలో అదే నిజం. నిబంధన ఒక్కటే. ఎవరూ "కాదు" అనకూడదు, "అయితే?" అని మాత్రమే అడగాలి. కాదు అనకూడదంటే ఈ ఇంట్లో సగం మాటలు పడిపోతాయే అని ఆమె లోపల్లోపల నవ్వుకుంది.

పొద్దున ఫోనొచ్చింది. కూతురు పుట్టకముందు ఆమె ఇళ్లకీ వీధులకీ ప్లాన్లు గీసిన ఆఫీసు మేడమ్, మళ్లీ వస్తావా, సాయంత్రంలోగా చెప్పు అంది. మొగుడు పేపర్లోంచి తలెత్తకుండా, "ఇప్పుడవసరమా? ఇన్నేళ్ల తర్వాత నీకు గీత తిన్నగా వస్తుందా?" అన్నాడు. "హాయిగా ఇంట్లో ఉండక ఎందుకమ్మా ఈ తిప్పలు" అంది అత్తగారు, కోడలిచ్చిన టీ అందుకుంటూ. ఆమెకి కోపం రావాల్సింది. రాలేదు. నిజంగానే చెయ్యి మొద్దుబారిపోయిందేమోనని భయమేసింది. పొద్దుట్నుంచీ ఆ భయమే నమిలేస్తోంది.

"అమ్మా, మొదటి ఊరి పేరేంటి?" చీటీ చదివింది కూతురు.

అప్పుడే పక్క గదిలోంచి మొగుడు, "ఏం చేస్తున్నావ్?" అని కేకేశాడు.

"ఏం లేదండీ, ఊరికే" అంది ఆమె, ఆయన చొక్కాయే మడతపెడుతూ.

పిల్ల చార్టు మధ్యలో పెద్దక్షరాలతో రాసేసింది: ఊరికే.

అది పేరు కాదే పిచ్చిమొహమా అనబోయి నాలిక్కరుచుకుంది. ఎన్నిసార్లు అనుంటుంది ఆ మాట. ఒంట్లో బాగాలేకపోతే, ఏం లేదు, ఊరికే పడుకున్నా. కళ్లు తుడుచుకుంటూ దొరికిపోతే, ఊరికే. లేచింది మొదలు నడుం వాల్చకుండా తిరిగినా, నువ్వు ఇంట్లో ఊరికేగా ఉండేది అనే ఆయన మాట. ఇన్నేళ్లూ తను కాపరం చేసిన ఊరు ఇదే. దీనికి ఇంతవరకూ ఎవరూ ప్లాను గీయలేదు.

"అయితే? ఆ ఊళ్లో ఎవరుంటారు?" అంది పిల్ల.

"ఊరికే పనిచేసేవాళ్లు" అంటూ ఆమె నేల మీద చతికిలబడి పెన్సిలందుకుంది.

చీటీ మీద చీటీ తీసింది పిల్ల. నీళ్లు ముందు ఎవరికి? వంటిళ్లకి. ఆ వంటిళ్లెక్కడ? అన్నీ వీధి వైపే, పెద్ద కిటికీలతో. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి గోడ కాదు, నడిచిపోయే జనం కనబడాలి. చట్టమేంటి? తిన్న కంచం తిన్నవాళ్లే కడగాలి. అడగడమే ఆలస్యం, జవాబు సిద్ధంగా ఉండేది. ఇవన్నీ తన లోపల ఎక్కడ దాక్కున్నాయో ఆమెకే అర్థం కాలేదు.

అత్తగారు ఎప్పుడొచ్చి నిలబడిందో, "అయితే, నాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లో?" అంది.

"మీకు మెట్లు లేని వీధి, అత్తయ్యా."

"పార్కు పక్కనెయ్యి" అంది పెద్దావిడ. నెమ్మదిగా, "నాదీ ఆ ఊరేనే" అంది.

ఆమె గీసింది. వీధి చార్టు ఈ చివర మొదలై ఆ చివరిదాకా తిన్నగా పోయింది, ఎక్కడా వణకలేదు. ఇందాక ఒట్టి కాగితం. ఇప్పుడు అందులో మనుషులు మసలుతున్నట్టే ఉంది. ఇది నా చెయ్యేనా అని వేళ్లు తిప్పి తిప్పి చూసుకుంది.

మొగుడు గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఇవన్నీ జరిగేవి కాదు గానీ..."

"నాన్నా, కాదు అనకూడదు. అయితే అనాలి."

"అయితే..." అన్నాడు. వంగి చార్టు మీది వీధిని చూడసాగాడు.

ఆమె లేచి ఫోనందుకుంది.

"వస్తావన్నమాట, సంతోషం" అంది మేడమ్. "చాలా ఏళ్లు వదిలేశావు కదా, చెయ్యి దారికి రావడానికి కొన్నాళ్లు పడుతుందేమో."

"పట్టదు మేడమ్" అంది ఆమె. "ఇప్పుడే ఒక ఊరు కట్టి లేచాను."