ఇరవై రూపాయల తెల్ల మిణుగురు

దీవెన ఆ మిణుగురును పట్టింది ఒక శనివారం మధ్యాహ్నం, జిరాక్సు కొట్టులో, ఎవరిదో ఆధార్ కార్డు కాపీ తీస్తూ.

కొత్తవలస స్టేషన్ రోడ్డులో ఉంది ఆ కొట్టు. మిషను అద్దం కింద వెలుగు అటు నుంచి ఇటు పాకుతోంది. పక్కన బల్ల మీద, ఫోనులో, ఆమె కొలను చీకట్లో మెరుస్తోంది. ఆ ఆట పేరు ‘ఏడు కొలనులు’. అందులో యుద్ధాలు లేవు, తుపాకులు లేవు. ఎవరి కొలను వారిది. గట్టున రెల్లు నాటుకోవాలి, దీపాలు ఆర్పుకోవాలి, ఓపిగ్గా కూర్చోవాలి. మిణుగురులు వస్తే వస్తాయి, లేకపోతే లేదు. పనీపాటా లేనివాళ్ల ఆట అని వాళ్లమ్మ లీలారాణి ఏనాడో తీర్పు చెప్పేసింది. నిజానికది పని ఎక్కువైనవాళ్ల ఆట. పొద్దస్తమానం నిలబడి ఊరివాళ్ల కాగితాలు తిప్పే పిల్లకి, ఎవరూ ఏమీ అడగని గట్టు ఒకటి దొరికితే ఎలా వదులుకుంటుంది?

పచ్చ మిణుగురులు అందరికీ వస్తాయి. తెల్లవి మాత్రం ప్రపంచం మొత్తానికి పదకొండే అని ఆట తయారు చేసినవాళ్లు మొదటిరోజే చెప్పారు. పది ఎప్పుడో ఎవరెవరికో దొరికాయి. పదకొండోది రెండేళ్లుగా ఎవరి కంటా పడలేదు. అది ఆ శనివారం వచ్చి దీవెన నాటిన రెల్లు కొన మీద వాలింది. పచ్చవాటిలా టకటకా మెరవలేదు. మెల్లగా వెలిగి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు నిలిచి, మెల్లగా తగ్గింది. చూస్తూ చూస్తూ దీవెన ఆ ఆధార్ కార్డును మిషన్లోనే మర్చిపోయింది. దాని తాలూకు ముసలాయన సాయంత్రం మళ్లీ వచ్చి నాలుగు చీవాట్లు పెట్టి పట్టుకెళ్లాడు.

సాయంత్రానికల్లా సంగతి ఆటలోవాళ్లందరికీ తెలిసిపోయింది. తెల్లవి నాలుగు పోగేసుకున్న బ్రెజిల్ ఆయనొకడు సందేశం పెట్టాడు. ఇచ్చేస్తావా, ఇంత ఇస్తానన్నాడు. మన లెక్కలో రెండు లక్షలు. దీవెన జీతం నెలకి ఆరు వేలు. ఆ అంకె చూసి ఆమె ఫోను బోర్లించి పెట్టి, మంచినీళ్లు తాగి, మళ్లీ తిప్పి చూసింది. అంకె అక్కడే ఉంది. మిణుగురూ అక్కడే ఉంది. చిత్రమేమిటంటే, ఆమెకి అమ్మబుద్ధి కాలేదు.

అమ్మకపోతే దాచుకోవచ్చు కదా అంటే, దానికీ దారి లేదు. నోరు ముందే జారింది. ఆర్నెల్ల క్రితం చర్చిలో కళ్లు మూసుకున్నప్పుడు, మిగతావాళ్లు పరీక్షలూ పెళ్లిళ్లూ అడుగుతుంటే, ఈ పిల్ల తెల్ల మిణుగురు అడిగింది. అడిగి ఊరుకోకుండా, వస్తే మొదటిది నీకే ప్రభువా అంది. బాప్టిస్టు సంఘంలో ఆ మాటకి బరువుంది. నూర్పులయ్యాక కోత పండుగ వస్తుంది. ఎవరికి పండిన మొదటిది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు, ఆరాధనయ్యాక వేలం వేస్తారు. పొలం లేనివాళ్లు కోడినిస్తారు, కోడి లేనివాళ్లు గుడ్లిస్తారు.

“మాటిచ్చినావా, లేదా?” అంది లీలారాణి, కూర కలుపుతూ.

“ఇచ్చినాను గాని...”

“గాని లేదు, గీని లేదు. ఇచ్చేయ్.”

“దేవుడికి ఫోనున్నాదేటే?” అన్నాడు తండ్రి డేవిడ్‌రాజు. రైల్వేలో గ్యాంగుమన్ ఆయన. చలోక్తి విసిరి తనే నవ్వుకున్నాడు, ఇంకెవరూ నవ్వలేదు. ధర సంగతి దీవెన వాళ్లకి చెప్పలేదు. చెబితే ఇంట్లో ఇంకో వేలం మొదలవుతుంది.

పండుగనాడు ఆమె మిణుగురు బొమ్మని రంగుల్లో ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, గుమ్మడికాయకీ అరటిగెలకీ మధ్య పెట్టింది. వేలం పాడే జేమ్స్ మాస్టారు దాన్ని కళ్లద్దాలతో ఒకసారి, కళ్లద్దాలు తీసి ఒకసారి చూశారు.

“ఇదేటమ్మా?”

“మిణుగురు, మాస్టారూ. ఆటలో నాకొచ్చిన మొదటి పంట. ఎవరు పాడుకుంటే వాళ్లకి ఫోనులో ఇచ్చేస్తాను.”

ఆయన, “పంటే, కాదనడానికి నానెవర్ని?” అని నంబరు చీటీ అంటించారు.

దాని విలువ తెలిసినవాడు ఆ గుంపులో ఒక్కడే ఉన్నాడు. రీచార్జి కొట్టు స్టాన్లీ. వాడికీ కొలనుంది. జేబులో ఇరవై వేలు పెట్టుకొచ్చాడు. ముందే ఎగబడితే అందరికీ అనుమానం వస్తుంది, నాలుగు మాటలయ్యాక నెమ్మదిగా దిగుదామని గోడకానుకుని నిలబడ్డాడు. తెలివైనవాడే, కానీ ఆ తెలివే వాడి కొంప ముంచింది.

“తెల్ల మిణుగురు!” అన్నారు మాస్టారు. “ఎవరు పాడతారు?”

జనం నవ్వుకున్నారు. ఆ నవ్వుల మధ్య నుంచి, ఆడవాళ్ల చాప చివర నుంచి, ఒక పల్చటి గొంతు లేచింది.

“ఇరవై రూపాయలు.”

గురమ్మ. భర్త పోయి పాతికేళ్లయింది. మొన్నమొన్నటిదాకా మార్కెట్లో వంకాయలమ్మి, మోకాళ్లు మొరాయించాక మానేసింది. ఆ గొంతు వినగానే స్టాన్లీ మొహం వాడిపోయింది. ఎందుకంటే ఆ సంఘంలో ఎక్కడా రాసిలేని కట్టుబాటు ఒకటుంది. తోడు లేని ముసలమ్మ పాట ఎత్తితే, దాని మీద ఇంకొకరు నోరెత్తకూడదు. ఎప్పుడో అలాంటి ఒకావిడ తానే తెచ్చిచ్చిన పెరటి ఆనపకాయ మీద మనసు చంపుకోలేక తనే పాట పాడితే, ఎవరో పైపాట పాడి పట్టుకుపోయారట. ఆవిడ ఏడ్చుకుంటూ ఇంటికెళ్లిందట. అప్పట్నించీ ఆ కట్టుబాటు.

“ఒకటోసారి... రెండోసారి...” స్టాన్లీ నోరు తెరిచాడు. వాళ్లమ్మ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. మూశాడు. “మూడోసారి!”

గురమ్మ రొంటిన ముడి విప్పి రెండు పది నోట్లిచ్చి, అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏటే గుంటా, ఇది కదల్దేటి?”

“కదుల్తాది మామ్మా. ఫోన్లో ఉన్నాది. నీకు ఫోనున్నాదా?”

“నాకెక్కడిదే?”

“అయితే నా దగ్గరే ఉంచుతాను. రోజూ సాయంత్రం తెచ్చి సూపిస్తాను.”

ఆ మాట అంటున్నప్పుడు దీవెన గుండెల్లో రహస్యంగా ఒక సంతోషం కదిలింది. మొక్కూ తీరింది, మిణుగురూ పోలేదు. దేవుడితో బేరంలో తనే గెలిచాననుకుంది.

గురమ్మది పాత రైల్వే క్వార్టర్ల వెనక ఒంటిగది ఇల్లు, పైన సిమెంటు రేకులు. కొట్టు కట్టేసి దీవెన అక్కడికి వెళ్లేసరికి గుమ్మం ముందు చాప పరిచి ఉండేది. ఇద్దరూ పట్టాల వైపు తిరిగి కూర్చునేవారు. ఫోను మధ్యలో. అరకు కొండల వైపు వెళ్లే రైళ్లు దూరాన కూత వేసేవి. మిణుగురు మెల్లగా వెలిగేది, నిలిచేది, తగ్గేది.

“ఇదిగో, అచ్చం ఇలాగే,” అంది గురమ్మ మొదటిరోజే. “మా ఇంటాయన, కూర్మయ్య, రైల్వేలో ల్యాంపుమేను. పొద్దుగూకితే కిరసనాయిలు దీపం అట్టుకుని సిగ్నలు స్తంభం కాడికి ఎల్లీవోడు. నాను ఈ గుమ్మంలోనే నిలబడి సూసీదాన్ని. మావిడి సెట్లెనక్కి ఎల్తే దీపం తగ్గిపోయీది. దాటొస్తే మళ్లీ కనబడీది. ఆ దీపం కనబడినంతసేపూ నాను పొయ్యికాడికి ఎల్లీదాన్ని కాదు.”

“అందుకే పాడినావా?”

“బొమ్మలో సుక్క సూసి పాడినాను. ఇది నిజంగా కదుల్తాదని నాకేటి తెలుసు?”

కొన్నాళ్లకి దీవెనకి కూడా ఆ వెలుగు ఫోనులోదో పట్టాల మీదిదో తెలియడం మానేసింది. తెల్లచుక్క తగ్గినప్పుడు, కూర్మయ్య మామిడిచెట్ల వెనక్కి వెళ్లాడనుకునేది. మళ్లీ వెలిగితే ఊపిరి పీల్చుకునేది. పక్కన ముసలామె కూడా అదే క్షణంలో ఊపిరి పీల్చేది. ఆ పొద్దుటి విసుగంతా ఎక్కడికి పోయేదో దేవుడికే తెలియాలి.

బ్రెజిల్ ఆయన మాత్రం వదల్లేదు. రెండు లక్షలు రెండుంబావు అయ్యాయి. జులైలో ఒక సాయంత్రం జోరువాన. చాప లోపలికి మార్చుకున్నారు. రేకుల సందులోంచి నీళ్లు కారుతుంటే గురమ్మ కింద సత్తుగిన్నె పెట్టింది. టప్పు, టప్పు. సరిగ్గా అప్పుడే ఫోనులో ఆయన సందేశం మెరిసింది. రెండున్నర లక్షలు. ఈ ఇంటికి కొత్త కప్పు వేయించి, ముసలామె మోకాళ్లకి వైద్యం చేయించినా ఇంకా మిగిలే డబ్బు. మిణుగురు గురమ్మది. డబ్బూ గురమ్మదే. దీవెన ఆ సందేశాన్ని వేలితో పక్కకి తోసేసింది.

“ఏటే అది?” అంది గురమ్మ.

“ఏటీ లేదు మామ్మా. కంపెనీ మెసేజి.”

ఆ రాత్రి ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. దొంగతనం అంటే తీసుకోవడమే అనుకుంది ఇన్నాళ్లూ. చెప్పకపోవడం కూడా అదే అని, ఆ గిన్నెలో పడిన చుక్కలు ఒక్కొక్కటీ చెప్పాయి. రేపు చెబుతాను అనుకుంది. రేపు వాన తగ్గింది. ఎల్లుండి గురమ్మ ఉలవచారు కాచి పెట్టింది. అలా నెల గడిచింది.

ఆగస్టులో ఆటవాళ్లు ప్రకటన పెట్టారు. ముప్ఫయ్యొకటో తారీకు సాయంత్రం ఐదున్నరకి కొలనులన్నీ మూసేస్తున్నాం, ఇన్నాళ్లూ ఆడినందుకు కృతజ్ఞతలు. గంటలో బ్రెజిల్ ఆయన నుంచి ఒక్క ముక్క వచ్చింది, ఇక అక్కర్లేదని. పొద్దున రెండున్నర లక్షలున్న మిణుగురు మధ్యాహ్నానికి దమ్మిడీకి కొరగాకుండా పోయింది. వెలుగు మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. దీవెన కొట్టు వదిలేసి, ఎండలోనే పరిగెత్తుకెళ్లింది.

“మామ్మా, నాను నిన్ను ముంచేసినాను,” అంది గుమ్మంలోనే. ధర, సందేశాలు, దాచిన నెలలు, ఏడుస్తూ మొత్తం చెప్పింది. “ఆ డబ్బుతో నీ రేకులు మారిపోయేవి. నాకది పోతాదని బయమేసి సెప్పలేదు.”

గురమ్మ చాట పక్కన పెట్టింది. బియ్యంలో రాళ్లేరుతోంది.

“నాకు తెలుసే,” అంది.

“ఏటి తెలుసు?”

“పండగనాడే స్టాన్లీగాడు మెట్లకాడ పట్టుకున్నాడు. మామ్మా, ఇరవై వేలిస్తాను ఇచ్చీమన్నాడు. ఇరవై రూపాయల సరుక్కి ఎవడైనా ఇరవై వేలిస్తానంటే, దాని ఖరీదు రెండు లక్షలని నాకు తెల్దేటి? ముప్పై ఏళ్లు వంకాయలమ్మినదాన్నే నాను.”

దీవెన ఏడుపు ఆగిపోయింది. ఆ స్థానంలో కోపం వచ్చింది. “మరి సెప్పలేదేటి? నాను నెల్లాళ్లు నిద్దరోలేదు!”

“సెప్తే నువ్వు అమ్మించేస్తావని. మంచి గుంటవి కదా, మామ్మకి మేలు సేద్దామని అమ్మించేసి, డబ్బులు సేతిలో పెట్టి ఎల్లిపోతావు. మళ్లీ వస్తావేటి?” ముసలామె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. “రేకు కారితే గిన్నె పెడతాను. నువ్వు రాకపోతే ఏటి పెట్టుకోనే?”

దీవెన చెప్పులు విప్పింది. పక్కన కూర్చుని తనూ రాళ్లేరింది.

ముప్ఫయ్యొకటిన ఐదింటికే చాప పరిచారు. పొద్దు ఇంకా ఉంది. మిణుగురు వెలిగింది, నిలిచింది, తగ్గింది. మళ్లీ వెలిగింది. ఐదున్నరకి తెర తెల్లబోయింది, కొలను లేదు, రెల్లు లేదు. గురమ్మ కాసేపు చూసి, “సెట్లెనక్కి ఎల్లినాడు,” అంది. చుక్క మళ్లీ వెలుగుతుందేమోనని ఇద్దరూ చీకటి పడేదాకా కూర్చున్నారు.

మర్నాడు కొట్టు కట్టేశాక దీవెన కాళ్లు ఎటు వెళ్లాలో తెలియక స్టేషన్ రోడ్డులో ఆగాయి. చూపించడానికి ఏమీ లేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? కాసేపు తచ్చాడి, చివరికి క్వార్టర్ల వెనక్కి తిరిగింది.

చాప పరిచే ఉంది. గురమ్మ పట్టాల వైపు తిరిగి కూర్చుని ఉంది.

“ఏటే, ఇయ్యాల ఇంత లేటు?” అంది, జరిగి చోటిస్తూ.